కార్జం కూడా దేహమే

మా బెల్లంపల్లిలో రేడియేషన్ అనే మాట తక్కువ. 'కరెంటు పెట్టిన్రు' అంటారు. ఆ మాట విని నవ్వే చదువుకున్నవాళ్లను ఒకటి అడగాలని ఉంది. కుడి రొమ్ముకు పెట్టే కరెంటు దారిలో కార్జం పైభాగం కూడా పడవచ్చని ఆమెకు ముందుగా చెప్పేవాళ్లెందరు? ఆమెకు తెలియకపోవడం అజ్ఞానమైతే, తెలిసీ చెప్పకపోవడాన్ని ఏమనాలి?

కుడి ఊపిరితిత్తి కిందనే, పల్చటి కండరపు పొర అడ్డంగా, కాలేయం ఉంటుంది. ఛాతీని ఒరుసుకుంటూ వెళ్లే కిరణాలు కొందరిలో దాని కొసను తాకుతాయి. కాలేయం మొత్తానికి సగటు మోతాదు 30 గ్రే దరిదాపులకు వస్తే పెద్ద జబ్బు భయం ఉంటుంది. రొమ్ము చికిత్సలో అంత పడదు కనక ఆ జబ్బు అరుదు. కానీ కిరణం సోకిన ముక్క దెబ్బ తినవచ్చు. మిగతా కాలేయం పని నెట్టుకొస్తుంది, రక్త పరీక్షలు మామూలుగానే రావచ్చు. 'రిపోర్టులన్నీ బాగున్నాయి' అనే మాట అక్కడ పుడుతుంది.

మా చిన్నమ్మకు చెప్పిందీ ఆ మాటే. చికిత్స అయిన రెండు నెలలకు, పక్కటెముకల కింద బరువుగా ఉందనీ అన్నం సయిస్తలేదనీ అంటే, మనసు గట్టి చేసుకొమ్మని పంపారు. తర్వాత స్కాన్‌లో మచ్చ కనిపించగానే క్యాన్సర్ పాకిందేమో అన్నారు. అనుమానం తీర్చింది కాంట్రాస్ట్ ఎంఆర్ఐ. గాడోక్సెటేట్ అనే మందును నరంలోకి ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి. సుమారు 20 నిమిషాల తర్వాత తీసిన బొమ్మలో అవి తెల్లగా మెరుస్తాయి, దెబ్బ తిన్న చోటు నల్లగా మిగులుతుంది. చిన్నమ్మ బొమ్మలో ఆ నలుపు అంచు కిరణం వెళ్లిన దారి వెంట గీత గీసినట్టు ఉంది. క్యాన్సర్ గడ్డ అలా గీత పట్టుకొని పెరగదు. "ఇప్పుడన్న నమ్మిన్రా?" అంది చిన్నమ్మ.

ఆమె నీరసానికంతటికీ ఆ మచ్చే కారణమని నేననను. అందరికీ ఎంఆర్ఐ తీయమనీ అనను. మూత్రపిండాలు బాగా చెడినవారిలో కొన్ని గాడోలినియం మందులు చర్మం బిగుసుకుపోయే జబ్బు తెస్తాయని 2006లో బయటపడింది. నా అభ్యంతరం యంత్రం మీద కాదు, వరస మీద. బొమ్మ వచ్చేదాకా స్త్రీ మాట సాక్ష్యం కాదు. ఆ బొమ్మ కోసం ఆమె 250 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పోవాలి. మా ఊళ్లో గని కార్మికుడి ఛాతీకి నిర్ణీత కాలానికోసారి ఎక్స్‌రే తీయాలని గనుల నిబంధనలున్నాయి. అతని అన్నం వండి, బట్టల బొగ్గు మరకలు ఉతికిన దేహానికి ఏ నిబంధనా లేదు.

మరి రచయిత్రులుగా మనం? రొమ్ము పోవడం గురించి రాశాం. అందం, మాతృత్వం, మగవాడి చూపు, అన్నీ చర్చించాం. అవసరమే. కానీ లోపలి అవయవాలను వైద్యులకు వదిలేశాం. ప్రతీకగా పనికొచ్చే అవయవమే మన కవిత్వానికి దేహమైంది. కార్జం మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది. అన్నం సయించకపోవడం, బిందె ఎత్తలేకపోవడం దేహ రాజకీయం కాదా? 1990ల తొలినాళ్లలో 'సవాలక్ష సందేహాలు' తెచ్చిన స్త్రీలు ఆరోగ్యాన్ని మన భాషలో మన చేతికిచ్చారు. ఆ పని ఎందుకు ఆగాలి?

కరెంటు పెట్టేముందు కిరణం దారిని బొమ్మ గీసి తెలుగులో చెప్పాలి. గాలి లోతుగా పీల్చి బిగబట్టే పద్ధతిలో కాలేయం కిందికి జరిగి మోతాదు తగ్గవచ్చు. ఆ వీలు ఉందో లేదో ఆమె అడగగలగాలి. ఆమె చెప్పిన బాధను ఆమె మాటల్లోనే కేస్ షీటులో రాయాలి. పాకిందని భయపెట్టేముందు రేడియేషన్ పటాన్ని తీసి మచ్చతో సరిపోల్చాలి. వీటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు. కావలసిందల్లా, ఆడవాళ్లు చెప్పింది మొదటిసారే వినడం.