అక్షరాలకీ వేషాలుంటాయ్!

సినిమాకి నటీనటుల ఎంపిక ఎంత ముఖ్యమో, పేరు రాసే అక్షరాల ఎంపికా అంతే ముఖ్యం. పోస్టరు మీద హీరోగారి కన్నా ముందు మనతో మాట కలిపేది ఆ అక్షరాలే కదా! ఈ వారం అలాంటి ఓ హాస్యనటుణ్ణి పరిచయం చేస్తాను.

పేరు ‘బాలూ తమ్ముడు’. 1999లో వచ్చిన పవన్ కళ్యాణ్ ‘తమ్ముడు’కీ ఇతగాడికీ చుట్టరికం లేదండోయ్! ఇది కంప్యూటర్లో వాడుకునే తెలుగు ఫాంటు. ముంబైలోని ఏక్ టైప్ బృందం తయారుచేసింది. ‘జంగిల్ బుక్’ ఎలుగుబంటి బాలూ ఉన్నాడే, ఆయన పేరే ఇతగాడిదీనూ. ఈయనగారిది ఉమ్మడి కుటుంబం. గుజరాతీలో భాయ్, బెంగాలీలో దా, పంజాబీలో పాజీ, తమిళంలో తంబి, మలయాళంలో చేట్టన్.... మన వంతుకి తమ్ముడు!

మనిషి బొద్దుగా ఉంటాడు. మూలలన్నీ గుండ్రం. మన రేలంగిగారు తెరమీదికి వస్తే ఇంకా డైలాగు చెప్పకముందే నవ్వొచ్చేది చూడండి, అదే బాపతు. పైగా పారితోషికం అడగడు. ఎవరైనా ఉచితంగా దింపుకుని వాడుకోవచ్చు.

మరి ఏ వేషం ఇవ్వాలి? పిల్లల పుస్తకం అట్ట, పుట్టినరోజు పిలుపు, మిర్చిబజ్జీల బండి బోర్డు, కాలేజీ నాటిక పోస్టరు, అభిమాన హీరో సినిమా విడుదల రోజు కట్టే బ్యానరు.... వీటిల్లో దివ్యంగా నటిస్తాడు. రోడ్డు మీద బైకుమీద పోయేవాడిక్కూడా రెండు మాటలు ఇట్టే కనబడతాయి. రెండే సుమండీ! పేరాలకి పేరాలు అప్పజెపితే చదివేవాళ్ళకి ఆయాసం.

ఇంకో చిక్కుంది. లావు అక్షరాల్ని బాగా చిన్నవి చేస్తే పొట్టలు పూడుకుపోతాయి. ‘థ’ పొట్టలోని చుక్క మాయమై ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది! ‘స్త్రీ’ లాంటి మాటలకి కింద ఒత్తులు, పైన గుడిదీర్ఘం. అందుకని వరసకీ వరసకీ మధ్య చోటు ధారాళంగా వదలాలి.

మొన్నామధ్య మా వీధి మలుపులో ఓ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూశాను. ఫొటోకి దండ, దాని కింద ఇలాంటి బొద్దు అక్షరాలు కిలకిలా నవ్వుతున్నాయ్! పోయినాయన బంధువులు అక్కడే నిలబడి ఉన్నారు. పాపం, తప్పు అక్షరానిది కాదు, వేషం ఇచ్చినవాళ్ళది.

ఇక సినిమా పేరు మాటకొస్తే నాదో మనవి. ‘సాక్షి’ (1967)తో రంగంలోకొచ్చిన ఈశ్వర్‌గారి వంటి పబ్లిసిటీ ఆర్టిస్టులు కుంచె పట్టి ఏ సినిమా పేరుకి ఆ రూపం దిద్దేవారు. ఆ మెలిక చూసే కథ ఏ బాపతో పోల్చుకునేవాళ్ళం. ఊరందరికీ దొరికే ఫాంటునే ప్రతి సినిమాకీ తగిలిస్తే అన్ని పేర్లూ కవలపిల్లలే! బజ్జీల బండికి తమ్ముణ్ణి పిలవండి, తప్పులేదు. మీరు తీయబోయే షార్ట్ ఫిలిమ్‌కి మాత్రం బొమ్మలేసే స్నేహితుణ్ణి పిలిచి, కాఫీ ఇప్పించి, పేరు చేత్తో రాయించుకోండి.