రేవులో పడవను ఆపేవారెవరు?

పాలమూరు పల్లెల నుంచి కూలికో, కొలువుకో హైదరాబాదు వెళ్లి బోరబండ వంటి బస్తీలలో కాపురాలు పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెలవులకు ఊరి నుంచి మేనల్లుళ్లో, అక్క పిల్లలో వస్తే వారిని తిప్పి చూపడానికి తక్కువ ఖర్చులో అయ్యే చోటు హుస్సేన్ సాగర్. బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే నెక్లెస్ రోడ్డు స్టేషనులో దిగవచ్చు. అక్కడి నుంచి లుంబినీ పార్కు చేరి, టిక్కెట్టు తీసుకుని, లైఫ్ జాకెట్టు తొడుక్కుని బుద్ధ విగ్రహం దాకా పడవలో పోయి రావచ్చు. సంక్రాంతికో, శివరాత్రికో బోరబండ వారు ఊరికి వస్తే వారి పిల్లలు అడిగేదీ పడవే. కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరితే సముద్రంలా కనిపించే కృష్ణ, ఒడ్డున లలితా సోమేశ్వరాలయం, రేవులో పడవలు. అవతలి ఒడ్డున వేసవిలో మాత్రమే నీటి నుంచి బయటపడే సంగమేశ్వరం. చూడదగిన చోటే. అయితే పడవ కదిలే ముందు మనుషులను లెక్కపెట్టి "ఇక చాలు, మిగిలినవారు దిగండి" అనే అధికారం గలవారు ప్రతి రేవులోనూ, ప్రతి వేళా ఉంటారని చెప్పడానికి వీలులేదు.

ఈ ప్రశ్న ఈ జిల్లాకు కొత్తది కాదు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట వద్ద కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా జలసమాధి అయ్యారు. పరిమితికి మించి జనం ఎక్కిన పడవ అది. వారు షికారుకు వెళ్లినవారు కారు. ఏటికి ఇటువైపు ఇల్లు, అటువైపు చుట్టరికం ఉన్న పల్లె ప్రజలు. శ్రీశైలం జలాశయం నిండి పాత ఊళ్లు, పాత బాటలు నీటి కిందకు పోయిన తర్వాత ఆ ఒడ్డు పల్లెలకు పడవ తప్ప దగ్గరి దారి లేకపోయింది. ఆనాడు దారి లేక ఎక్కిన పడవనే ఈనాడు వినోదానికి ఎక్కుతున్నారు. నీరు మాత్రం ఇద్దరినీ ఒకే తీరుగా చూస్తుంది.

గోదావరిపై జరిగింది ఇంకా దారుణం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. నది వరదలో ఉన్న రోజు అది. బోటులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే బయటపడ్డారు. వారిని రక్షించింది ప్రభుత్వ యంత్రాంగం కాదు, ఒడ్డునున్న గిరిజనులు, వారి చిన్న పడవలు. మృతులలో హైదరాబాదు వారున్నారు, వరంగల్ సమీపంలోని కడిపికొండ వారున్నారు. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని పైకి లాగలేకపోయింది. అంతకుముందు ఏడాది మే 15న అదే గోదావరిలో మంటూరు సమీపంలో పెనుగాలికి లాంచీ మునిగి గిరిజన ప్రయాణికులు మరణించారు. వాన కొడుతున్నదని తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలివారికి బయటికి వచ్చే దారి లేకపోయింది. 2017 నవంబరు 12న విజయవాడ వద్ద కృష్ణా, గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమంలో అనుమతి లేని బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఒంగోలు నుంచి కార్తీక మాసపు విహారానికి వచ్చినవారు. రెండేళ్లు తిరగకుండానే మూడు దుర్ఘటనలు!

నది లోతు, వరద వేగం వల్లనే ఇలా జరుగుతుందని అనుకోరాదు. చెరువులు సైతం ప్రాణాలు తీశాయి. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో హర్ని చెరువులో పడవ తిరగబడి విహారయాత్రకు వచ్చిన 12 మంది బడిపిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు. 2023 మే 7న కేరళలోని తానూర్ వద్ద 22 మందిని బలిగొన్న పడవ మొదట చేపల వేటకు కట్టినది. దానికి పై అంతస్తు వేసి విహారానికి తిప్పారు. హుస్సేన్ సాగర్ మాత్రం మచ్చలేనిదా? 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకుపోతున్న బల్లకట్టు ఒరిగి విగ్రహంతోపాటు మనుషులూ మునిగిపోయారు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో గాని నిలబెట్టలేదు. 2025 జనవరి 26 రాత్రి అదే సాగర్‌లో బాణసంచా కాలుస్తుండగా రెండు పడవలు తగలబడి ప్రాణనష్టం జరిగింది. పడవల మీద మందుగుండు ఎక్కించవచ్చునా అని రేవులో ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే!

పడవ ఎందుకు తిరగబడుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బండి మీద గడ్డిమోపు ఎత్తుగా వేసి, ఒక చక్రం గుంటలో పడితే ఏమవుతుందో పడవకూ అదే అవుతుంది. చేపల పడవలో బరువంతా అడుగున ఉంటుంది. వల, చేపలు, కూర్చున్న ఇద్దరు మనుషులు. దాని మీద కుర్చీలు, పైకప్పు, మైకు, నిలబడి ఫోటోలు తీసుకునే ముప్పై మంది చేరితే బరువు పైకి ఎక్కుతుంది. చూడదగినది ఏదో కనబడగానే అందరూ ఒక పక్కకు జరుగుతారు. ఆ పక్క అంచు నీటికి తగులుతుంది. తర్వాత జరిగేది రెప్పపాటు పని. సోమశిల దగ్గర మరొక చిక్కు కూడా ఉంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు నిండుగా ఉన్నప్పుడు కనబడని బండలు, పాత గోడలు మట్టం తగ్గేకొద్దీ పడవ అడుగుకు అందుబాటులోకి వస్తాయి. మొన్న పోయిన దారి ఇవాళ పనికి రాకపోవచ్చు. అది తెలిసినవాడు అక్కడి జాలరే తప్ప నగరం నుంచి వచ్చిన కాంట్రాక్టరు కాడు.

అందుకే పడవ షికారును మూసివేయాలని కోరడం సరికాదు. ప్రమాదం జరిగిన మర్నాడు అన్ని పడవలూ ఆపడం, కొన్నాళ్లకు అన్నిటినీ వదలడం ప్రభుత్వాలకు అలవాటైంది. కచ్చులూరు తర్వాత పాపికొండల యాత్ర చాలాకాలం నిలిచిపోయి 2021లో గాని తిరిగి మొదలు కాలేదు. తప్పు చేసినవారితోపాటు చేయనివారి పొయ్యి కూడా ఆరిపోయింది. సోమశిల, మంచాలకట్ట ప్రాంతాల బెస్తవారికి వేట లేని రోజుల్లో నాలుగు డబ్బులు తెచ్చేది యాత్రికుల బాడుగే. దానిని పోగొట్టడం ఎవరికీ మేలు కాదు. అలాగని పొట్టకూటి పేరు చెప్పి పది మంది పట్టే పడవలో ఇరవై మందిని ఎక్కించడాన్ని చూసీ చూడనట్టు వదిలిపెట్టడం అంతకన్నా చేటు. ఈ వ్యాపారంలో లాభం చివరి ఐదుగురు ప్రయాణికులలో ఉంటుంది, ప్రమాదమూ వారిలోనే ఉంటుంది. ఆ ఐదుగురిని దించమని బాడుగ పుచ్చుకునేవాడినే అడిగితే ఫలితముండదు. దించమనే మనిషికి టిక్కెట్టు డబ్బుతో ఎట్టి సంబంధమూ ఉండరాదు.

చట్టం లేక కాదు. 1917 నాటి పాత చట్టం స్థానే పార్లమెంటు 2021లో లోతట్టు నౌకల చట్టాన్ని తెచ్చింది. మరపడవకు రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, నడిపేవారికి అర్హతా పత్రం, బీమా తప్పనిసరి. ఒక రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుంది. కృష్ణకు ఇటు నాగర్‌కర్నూల్, అటు ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా. పడవ ఎవరిదని అడిగితే ఇన్నాళ్లూ ఒకరు మరొకరి వైపు వేలు చూపే అవకాశముండేది. ఇక ఆ సాకు నిలవదు. పల్లె ప్రజలు గమనించవలసిన మాట మరొకటి కూడా ఆ చట్టంలో ఉంది. యంత్రం లేని పడవల నమోదును, వాటి భద్రతకు సంబంధించిన పనిని జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయి వరకు అప్పగించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చారు. అంటే పుట్టి, తెడ్డు పడవల లెక్క రేవున్న ఊరి పంచాయతీ చేతికి రావచ్చు. అలా అప్పగించమని రేవు గ్రామాల సర్పంచులు తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపడానికి అడ్డేమీ లేదు.

కచ్చులూరు దుర్ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోదావరి, కృష్ణా రేవులలో 9 కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించి 2019 నవంబరులో శంకుస్థాపన చేసింది. పోలీసులను, రెవిన్యూ, నీటిపారుదల, పర్యాటక సిబ్బందిని ఒకే చోట ఉంచి, వారు సరేనంటేనే పడవ కదలాలన్నది దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే. 51 ప్రాణాలు పోయిన తర్వాత వచ్చిందన్నదే విచారం. కృష్ణకు ఇవతల, సోమశిల రేవులోనూ అటువంటి గది ఒకటి ఉండవలసి ఉంది. పెద్ద భవనం అక్కరలేదు. గాలి ఎంత ఉందో, నీటిమట్టం ఎంతో రాసే నల్లబల్ల, తాళం వేయని జాకెట్ల బీరువా, పొద్దు గుంకిన తర్వాత పడవ విప్పనివ్వని ఒక మనిషి ఉంటే చాలు. ప్రతి పడవకు పక్కన ఎర్రరంగుతో గీత గీయించాలి. ఆ గీత నీట మునిగితే జనం ఎక్కువైనట్టే. చదువు రాని ముసలమ్మ కూడా ఒడ్డు నుంచే చూసి చెప్పగలదు.

యాత్రికుల తప్పు లేదనలేము. లుంబినీ పార్కులో మారుమాట లేకుండా జాకెట్టు తొడుక్కునే బోరబండ అల్లుడే సోమశిలలో ఉక్కగా ఉందనో, ఫోటోలో బాగుండదనో దానిని విప్పి ఒడిలో పెట్టుకుంటాడు. "మన ఏరే కదా" అన్న ధీమా. పిల్లలకు సరిపోయే చిన్న జాకెట్లు లేకపోతే ఆ పడవ ఎక్కకుండా ఉండటం తల్లిదండ్రుల చేతిలోని పని. పెద్దవారి జాకెట్టు పసివాడికి తొడిగితే వాడు జారి కిందకు పోతాడు, జాకెట్టు మాత్రం పైన తేలుతుంది.

2016 ఆగస్టు పుష్కరాలలో సోమశిల రేవుకు తరలివచ్చిన జనం ఎంతో ఆ ప్రాంతం వారు మరచిపోలేదు. కృష్ణకు మళ్లీ 2028లో పుష్కరాలు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకు 2022లోనే అనుమతి వచ్చినా, వంతెన వచ్చినంత మాత్రాన షికారు పడవలు తగ్గవు, పెరుగుతాయి. వేసవిలో నీరు వెనక్కి పోయి పడవలు ఒడ్డున బోర్లించి ఉన్నప్పుడే వాటికి నంబర్లు వేయించడం, ఎర్రగీతలు గీయించడం, పనికిరానివాటిని పక్కన పెట్టడం తేలిక. రేవులో నీరు నిండి, బస్సులు వచ్చి ఆగిన తర్వాత ఆ పని ఎవరి చేతా కాదు.