దీపము క్రింది ఊసరవెల్లి

గత డిసెంబరు మాసమున మా పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనమునందు పిల్లలు అన్నిటికంటె ఎక్కువగా మూగిన బల్ల ఊసరవెల్లి బల్ల. ధారూరునకు సమీపమున నున్న యొక పల్లెనుండి వచ్చు తొమ్మిదవ తరగతి బాలుడు పొలము గట్టున తంగేడు పొదలో దానిని పట్టి తెచ్చెను. చేపలు పెంచెడి పాత గాజుతొట్టిలో కొమ్మ నొకటి నిలిపి, పైన ఇనుప వల మూతగా పరచి, ఆ వలమీద నూరు వాట్ల బల్బును బోర్లించెను. ఆ బల్బు వాని తండ్రి కోడిపిల్లలను వెచ్చగా నుంచుటకు వాడునది. విదేశములలో ఊసరవెల్లులను ఇట్లే దీపము క్రింద పెంచుదురని వాడు ఫోనులో చూచెనట. "శీతరక్త జంతువు కదా సార్, చలికాలములో వేడి కావలెను గదా" అని వాడనగా మేము మెచ్చుకొంటిమి. తీగ తెచ్చి యిచ్చినది మేమే. "సూర్యునికి బదులు దీపము" అని అట్టమీద పెద్ద యక్షరములతో వ్రాసి తగిలించినదియు మేమే.

రెండవనాటి మధ్యాహ్నమున దాని వీపు నల్లబడెను. రంగు మార్చినది, రంగు మార్చినది అని పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును నవ్వుచు తల యూపితిమి. సాయంకాలము దీపమార్పిన పిమ్మట, నిద్రపోవు ఊసరవెల్లి కెప్పుడును కలుగునట్లే, దాని యొడలంతయు లేతవన్నెకు దిగెను. వెన్నుగట్టు వెంబడి రెండు వ్రేళ్ల వెడల్పున నున్న నలుపు మాత్రము మారలేదు. మరునాటి యుదయమున ఆ చోట చర్మము పొక్కి, నీరూరుచుండెను. మేము చప్పట్లు కొట్టినది రంగునకు కాదు, కాలిన గాయమునకు.

ఈ తప్పు బాలునిది కాదని మా యభిప్రాయము. వాడు మేము చెప్పిన పాఠమును నమ్మి, దానినుండి సరియైన తర్కముతోనే తప్పు నిర్ణయమునకు వచ్చెను. శీతరక్తమను మాటను మేము ఇరువదియేండ్లకు పైగా నల్లబల్లపై వ్రాయుచున్నాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకును అట్లే చెప్పిరి. కాని యెండలో కొంతసేపు కూర్చున్న తొండ రక్తము చల్లగా నుండదు. ఆ ప్రాణులు తమ యొంటి వేడిని లోపల పుట్టించుకొనజాలక బయటనుండి తెచ్చుకొనును. తెచ్చుకొనుటయే కాదు, చాలునన్నప్పుడు విడిచి తొలగును. ఈ రెండవ సగమును మేము ఏనాడును చెప్పలేదు.

అనంతగిరి యడవులలోగాని కోట్‌పల్లి జలాశయము చుట్టునున్న పొదలలోగాని చలికాలపు టుదయమున ఓపికగా వెదకినచో ఊసరవెల్లి చేయు పని కనబడును. (తలయెఱ్ఱబడిన తొండను చూచి ఊసరవెల్లి యనువారు మన ప్రాంతమున ననేకులు. తొండకు విడివిడి వ్రేళ్లుండును. ఊసరవెల్లి వ్రేళ్లు రెండు గుంపులుగా కలిసి పట్టుకారువలె కొమ్మను పట్టును. దాని కన్నులు రెండును వేర్వేరు దిక్కులకు తిరుగును.) అది పొద వెలుపలి కొమ్మకు వచ్చి, ప్రక్కటెముకలను చదునుచేసి, శరీరమును పలకవలె వెడల్పు చేసికొని, ఒక ప్రక్కను సూర్యునికి చూపును. వేడి బాగుగా గ్రహించుటకై ఆ ప్రక్క ముదురు రంగునకు తిరుగును. కావలసినంత వెచ్చనైన పిమ్మట రంగు తేలికచేసికొని ఆకుల మరుగునకు పోవును. సూర్యుడు దాని వీపునే కాక కొమ్మను, ఆకును, చుట్టునున్న గాలినికూడ కాచుచున్నాడు. అందుచేత చర్మమును కడుపును ఇంచుమించుగా కలసి వెచ్చబడును.

దీపమట్లు కాదు. అది అరచేయి వెడల్పు చోటును మాత్రమే కాల్చును. గది చల్లగా నుండును. ఊసరవెల్లి కడుపు, కాళ్లు, తోక చల్లగానే యుండును. నాకింకను చలియే యని దాని యొడలు చెప్పుచుండగా అది కదలక కూర్చుండును. ఈలోగా వెన్నుపై చర్మము ఉడికిపోవును. గది యెంత చల్లనైనదైతే అపాయమంత హెచ్చు. జాలిగలవాడు చలియని తలచి మరింత పెద్ద దీపము తగిలించును; జాలియే గాయమగును. కోడిపిల్లల సంగతి మన రైతులందరును ఎరుగుదురు. వేడి చాలనిచో అవి దీపము క్రింద గుంపుగూడి అరచును; ఎక్కువైనచో దూరముగా చెదరిపోవును; రైతు దానిని చూచి దీపమును దించును, ఎత్తును. ఊసరవెల్లి యరవదు. చెదరిపోవుటకు గాజుతొట్టిలో దానికి చోటు లేదు. పైగా అది స్వభావముచేత ఎత్తునకు ఎక్కునది, తొట్టిలో అన్నిటికంటె ఎత్తైన చోటు దీపము క్రిందనే.

ప్రదర్శనము ముగిసిన తరువాత, చేయవలసిన కాలము మించిపోయిన పిదప, మేము థర్మామీటరుతో కొలిచితిమి. కొమ్మయొద్ద 41 డిగ్రీలు. ఊసరవెల్లి వీపు కొమ్మకు పైన మూడంగుళముల యెత్తున నుండెను గదా యని అక్కడ కొలువగా 52. మేము ముందుగా కొలిచినను బహుశః కొమ్మయొద్దనే కొలిచియుందుము.

అమెరికాలో డల్లాసు పట్టణమున నున్న మా బంధువుల కుమారుడు యెమెను దేశపు జాతి ఊసరవెల్లి నొకదానిని పెంచుచున్నాడు. ఆ దేశములో అట్టివి చట్టబద్ధముగా అమ్ముదురు. మన తెలుగు కుటుంబములలో పిల్లల కోరికపై కొనువారును కలరు. వానితో ఫోనులో మాటలాడగా వాడు మాకు గురువయ్యెను. దీపము గూటి లోపల నుండరాదు. వలకు ఆనుకొనియు నుండరాదు, ఏలయన ఊసరవెల్లి ఆ వలనే పట్టుకొని వ్రేలాడును, వలయు కాలును. వలకు కొన్ని యంగుళములు పైన, కదలకుండ బిగింపవలెను. పై కొమ్మ మీద నిలిచిన ప్రాణి వీపునకు వచ్చు వేడి 30 డిగ్రీలకు కొంచెము అటునిటు ఉండునట్లు, బిగించిన దీపపు బలమును తగ్గింపవలెను. తనంతట ఆరిపోయి వెలిగెడి నియంత్రణ యంత్రము దొరకునక్కడ దానిని వాడవలెను. గూటిలో ఒక ప్రక్క చల్లగా, ఆకులతో నీడగా ఉంచవలెను. రాత్రివేళ దీపమక్కరలేదు, ఇంటి గది సామాన్యముగా నున్నచో రాత్రి చల్లబడుట దానికి మేలే. వెలుతురు లేని పింగాణీ వేడిగుండ్లు మరియు అపాయకరము. అవి కాలుచున్నట్లు కంటికి తెలియదు. వాడు చెప్పిన యొక మాటను మేమెన్నడును ఊహించియుండలేదు: పిల్లగా నున్నప్పుడు సరిపోయిన దీపమే ఆరు మాసములకు కాల్చును. ప్రాణి పెరుగును, వీపు ఎత్తగును, దీపము మాత్రము అక్కడనే యుండును. కావున నెలకొకసారి మరల కొలువవలెనట.

గాయమైనపుడు మా గదిలో జరిగినది చెప్పుటకు సిగ్గగుచున్నది. ఒకడు పసుపు తెచ్చెను, ఒకడు పండ్లపేస్టు, ఒకామె కొబ్బరినూనె. ఇవి యేవియు కూడవు. నూనె వేడిని లోపల నిలుపును, పొడులు గాయమునకు అంటుకొని పీకునప్పుడు చర్మమును తెచ్చును. మొదట దీపము తీసివేయవలెను. కాలిన వెంటనే యైనచో చల్లని నీటితో, మంచునీటితో కాదు, తడిపిన మెత్తని శుభ్రమైన గుడ్డను కొన్ని నిమిషములుంచవచ్చును. పొక్కులు పొడవరాదు, తేలిన చర్మమును లాగరాదు. మనుష్యులు మ్రింగు నొప్పిమాత్రలను విరిచి పెట్టరాదు, గ్రాములలో తూగు ప్రాణికి అవి విషమగును. ఆకులపై నీరు చిలికినచో అది బొట్లను నాకి త్రాగును, గిన్నెలోని నీటిని సామాన్యముగా గుర్తింపదు. అటుపై పశువైద్యుని యొద్దకు పోవుటయే మార్గము. మాయొద్దకు వచ్చిన వైద్యుడు ఎద్దులను గేదెలను చూచువాడయ్యును, గాయమును నీరు కలిపిన క్రిమిసంహారక ద్రవముతో కడిగి, సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనమును పలుచగా వ్రాసి, చీము పట్టినచో సూదిమందు కావలెననెను. ఇట్టి గాయము దినములలో కాదు, వారములలో, ఒక్కొక్కప్పుడు మాసములలో, కుబుసములు కొన్ని విడిచిన పిమ్మట మానును. మచ్చ మిగులును. పైకి చిన్నదిగా కనబడు గాయము రెండు మూడు దినములకు పెద్దదగుటయు కలదు, లోపల చచ్చిన చర్మము నెమ్మదిగా బయటపడును గనుక.

ఇంతకుముందే చేయవలసిన పని యొకటి మేము చేయలేదు. మన దేశపు ఊసరవెల్లి 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత రక్షింపబడినది. పట్టుట, ఉంచుకొనుట నేరము. వైద్యుడే ఈ మాట గుర్తుచేయగా అటవీశాఖ వారికి తెలిపితిమి. వారు వచ్చి, పిల్లవానిని గద్దింపక, మావైపు చూచి, "మీరు సార్లే గదా" అని మాత్రమనిరి. గాయపడిన పదునొకండవ దినమున అది చనిపోయినదని వారు కబురుపెట్టిరి.

ధారూరు నేలమీద ఊసరవెల్లికి దీపమక్కరలేదు. మన యెండ దానికి చాలును, మన వేసవి దానికి కూడ ఎక్కువే. అది నీడను వెదకికొనును. దానిని పెట్టెలో పెట్టినప్పుడే దీపము అవసరమైనది. అట్లయినచో పిల్లలు ప్రాణులను చూచుటెట్లని సహోపాధ్యాయు లొకరు మమ్మడిగిరి. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పుస్తకములోని బొమ్మను మాత్రమే చూచిన పిల్లవాడు పొదలోని ప్రాణిని రాయితో కొట్టును, అది మేము కన్నులార చూచినదే. పట్టి తెచ్చిన ఆ బాలుడో, రాయి ముట్టలేదు. కావుననే పిల్లలను పొదయొద్దకు కొనిపోవుట మేలని మా పక్షము. ఉదయము ఏడు గంటలకు బయలుదేరినచో రెండు మైళ్లలో తంగేడు పొదలు కావలసినన్ని.

ఈ సంవత్సరపు ప్రదర్శనములోను ఆ బల్ల యుండును. దానిని ఏర్పాటు చేయువాడును ఆ బాలుడే. ఇప్పుడు వాడు పదవ తరగతి. అదే గాజుతొట్టి, అదే నూరు వాట్ల బల్బు, ఒక తంగేడు కొమ్మ. కొమ్మమీద ప్రాణి యుండదు. ఒక థర్మామీటరు కొమ్మకు కట్టబడియుండును, మరియొకటి దానికి మూడంగుళములు పైన. దీపమును ఎత్తుచు దించుచు చూచువారే అంకెలు వ్రాసికొందురు. పాత యట్టను మేము చింపలేదు. దాని వెనుకవైపున వాడు క్రొత్తమాట వ్రాయుచున్నాడు, ఏమి వ్రాయునో మేము అడుగలేదు.