గురి కుదరాలంటే గంటలు అక్కర్లేదు



మొన్న మా ఆదోని బ్రాంచ్ పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు, "సార్, మావోడు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ ఇడ్సడు, మీరే చెప్పాల" అన్నారు. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి ఫస్ట్ పీరియడ్‌లో రోజూ కునికిపాట్లు పడతాడు. ఏం ఆడతావని అడిగాను. "బీజీఎంఐ సార్. ఫ్లిక్ కుదరట్లేదు, అందుకే ప్రాక్టీస్" అన్నాడు. బీఈడీ రోజుల్లో నేనూ పబ్జీ ఆడినవాణ్ణే. 2020 సెప్టెంబరులో దాన్ని బ్యాన్ చేసినప్పుడు మా రూములో అందరం దిగులుపడ్డాం!

ఫ్లిక్ అంటే, పక్కన కనిపించిన శత్రువు మీదికి గురిని ఒక్క ఊపులో తిప్పి కాల్చడం. చూడ్డానికి ఒకటే కదలిక. నిజానికి రెండు: ముందు పెద్ద ఊపు, వెంటనే చిన్న సర్దుబాటు. లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చేతికి అంత ఎక్కువ సమయం కావాలని పాల్ ఫిట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే చూపించారు. తొందరపడితే గురి తప్పుతుంది. మాది ఎమ్మిగనూరు. మగ్గం నేర్చుకునే పిల్లాణ్ణి మొదటిరోజే నాడె జోరుగా విసరమని మా వీధిలో ఎవరూ అనరు.

మనవాడేమో మొదటినుంచీ జోరే. పైగా యూట్యూబ్‌లో ఎవరిదో చూసి రోజుకో సెన్సిటివిటీ మారుస్తాడు. ఇంక బొటనవేలికి ఏ దూరం అలవాటవుతుంది?

ఫోన్ లాక్కోండి అనే మా స్టాఫ్‌రూమ్ సలహాతో నేను ఏకీభవించను. లాక్కుంటే స్నేహితుడి ఫోన్‌లో ఆడతాడు. నేను చెప్పింది ఇంతే: రెండు వారాలు సెట్టింగ్ ముట్టుకోవద్దు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఇరవై నిమిషాలు, మెల్లగా. పదికి ఎనిమిది తగిలాకే వేగం పెంచు. వేలు అలిసిపోయాక ఆడితే నేర్చుకునేది తప్పు కొట్టడమే. ఎనిమిదిన్నరకల్లా ఫోన్ నాన్న దగ్గర ఉండాలి.

2023 మేలో బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. నా లెక్కలో అదీ ఎక్కువే. దీనివల్ల లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కూడా నేను చెప్పను. నిద్ర మాత్రం మిగులుతుంది.

పోయిన వారం పదికి ఆరు తగిలాయన్నాడు. పక్కన కూర్చుని లెక్కపెట్టింది వాళ్ల నాన్నగారేనట.