తనిఖీ రోజునే శుభ్రమా?

జంగారెడ్డిగూడెం ఏరియా ఆసుపత్రి ఒక్క పట్టణానికే కాదు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు ఏజెన్సీ గ్రామాలకూ పెద్ద దిక్కు. జ్వరంతోనో, పురిటి నొప్పులతోనో వచ్చినవారు నర్సు చేతులు కడుక్కున్నారా, రక్త నమూనాపై సరైన పేరే రాశారా అని చూసుకునే స్థితిలో ఉండరు. వారి తరఫున ఎవరో ఒకరు చూడాలి. ఎవరు?

అధికారి వస్తున్నారంటే ఏ ఊళ్లోనైనా ఆసుపత్రి అద్దంలా మెరుస్తుంది. కారు గేటు దాటగానే పాత కథే. ఈ తీరు మార్చడానికే కేంద్రం 2015లో ‘కాయకల్ప్’ తెచ్చింది. అందులో ముందు సిబ్బందే తమ పనికి మార్కులు వేసుకోవాలి. తర్వాత మరో ఆసుపత్రి వారు, చివరకు బయటి బృందం చూస్తారు. అవార్డుకు కనీసం 70 శాతం మార్కులు రావాలి.

మార్కుల పట్టిక పైనుంచి రావచ్చు. దాన్ని రోజువారీ పనిగా మలచాల్సింది మాత్రం వార్డులోని వారే. ఆపరేషన్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల జాబితానే చూడండి. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేసి చూస్తే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. అందులో ఖరీదైన యంత్రమేమీ లేదు. సర్జన్, మత్తు డాక్టరు, నర్సు ముగ్గురూ పైకి చెప్పుకొని సరిచూసుకోవడమే.

అయితే ఒక జాగ్రత్త. తప్పు కనబడగానే మెమో ఇస్తే, రేపటి నుంచి తప్పులు తగ్గవు, దాక్కుంటాయి. డ్యూటీ దిగేముందు గడులన్నీ ఒకేసారి నింపేస్తారు. రోగి జ్వరం రాయలేదంటే, ఆ పూట ఎన్ని మంచాలకు ఎందరు నర్సులున్నారో కూడా అడగాలి. కొలవాల్సింది పనిని, మనిషిని కాదు. కావాలని చేసే నిర్లక్ష్యానికి శిక్ష వేరే సంగతి.

మన వంతు కూడా ఉంది. సబ్బుతో చేతులు శుభ్రం కావాలంటే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆ నిమిషం ఆగనివ్వకుండా ‘‘త్వరగా చూడండమ్మా’’ అని తొందరపెట్టేది మనమే. సూది వేసేముందు ‘‘సిస్టర్, ఇది ఏ మందండీ?’’ అని మర్యాదగా అడగండి. బాగా చూసుకుంటే ఆ మాటా చెప్పండి. తనిఖీ అధికారి ఏడాదికి ఒకసారి వస్తారు. రోగి రోజూ వస్తాడు.