పట్టుపురుగు ఇంటిపేరు

బాలలారా! మన తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు చెప్పి, తరువాత సొంతపేరు చెబుతాం గదా. పురుగులకు పేర్లు పెట్టే శాస్త్రజ్ఞులదీ ఇదే పద్ధతి. దసలి పట్టునిచ్చే శలభాన్ని వారు ఆంథేరియా మైలిట్టా అంటారు. ఆంథేరియా ఇంటిపేరు, అంటే ప్రజాతి. మైలిట్టా సొంతపేరు, అంటే జాతి.

ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే దారిలో నల్లమల అడవి వస్తుంది. అక్కడ పెరిగే నల్లమద్ది ఆకన్నా, మన చేలగట్ల మీది రేగు ఆకన్నా ఈ పురుగుకు ప్రాణం. రెక్కలు వచ్చాక మాత్రం అది ఏమీ తినదు. తినడానికి సరైన నోరే ఉండదు! వారం పదిరోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. రెక్కలు చాస్తే దాదాపు జానెడు. ప్రతి రెక్కకూ ఒక గుండ్రని కన్ను, దాని నడుమ అద్దంలాంటి పొర. మగది సాధారణంగా ఇటుక రంగు, ఆడది పసుపో బూడిదో. రంగు చూసి వేరు జాతులనుకునేరు!

1758లో లిన్నేయస్ అనే స్వీడన్ పండితుడు శలభాలలో చాలావాటిని ఫలీనా అనే ఒకే ఇంట చేర్చాడు. అంత పెద్ద ఉమ్మడి కాపురం ఎన్నాళ్ళు నిలుస్తుంది? 1773లో లండనులో వెండిపని చేసే డ్రూరీ, మన పురుగుకు ఫలీనా మైలిట్టా అని పేరు పెట్టాడు. 1819లో జర్మనీవాడైన హ్యూబ్నర్ ఆంథేరియా అనే ఇంటిపేరు కల్పించాడు. ఇల్లు మారినా సొంతపేరు మారలేదు. అందుకే నేటికీ శాస్త్రగ్రంథాలలో ఈ పేరు పక్కన డ్రూరీ పేరును కుండలీకరణాలలో వేస్తారు. అది చూడగానే, పేరు పెట్టిన నాడు ఈ పురుగు వేరే ఇంట ఉండేదని తెలిసిపోతుంది.

మరి ధర్మవరం చీరలకు పట్టునిచ్చే మల్బరీ పురుగు దీనికి చెల్లెలా? కాదు. దాని పేరు బాంబిక్స్ మోరి. ఇల్లే కాదు, కుటుంబమే వేరు. మగ్గం నేసేవాళ్ళంతా ఒకే ఇంటివారు కారు గదా! అస్సాం ముగా పురుగు, చైనాలో ఓక్ ఆకు తినే పెర్నీ మాత్రం ఆంథేరియాలే. తెలంగాణలో చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పురుగును పెంచి బతికేవారున్నారు. అటువంటివారికి ఈ చుట్టరికాల లెక్క కూటి లెక్క కూడా.

ఒక చిక్కు చెబుతాను వినండి. పెర్నీ జీవకణంలో క్రోమోజోములు 49 జతలు. హిమాలయాలలోని రాయ్లీ అనే ఆంథేరియాకు 30 జతల ప్రాంతం. ఇంత తేడా ఉంటే సంతానం సాగదనుకుంటాం. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు కలగడం లేదు గదా. కాని 1960ల దశాబ్దంలో మన శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ కలిపితే పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలకు మళ్ళీ పిల్లలు పుట్టాయి. మణిపూర్‌లో ఓక్ చెట్ల మీద పెంచే పట్టుపురుగు ఆ వంశమే. అయితే అవి రెండు జాతులా, ఒకటా? అడవిలోని రాయ్లీయే మనిషి పెంపకంలో పెర్నీగా మారిందని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.