బాపుకి ఒక్క శనివారం, తెలియని చెరువు

బాపు తిరుగు టికెట్ ఏప్రిల్ మొదటి వారంలో ఉంది. డాలస్ వచ్చి మూడు నెలలు కావస్తోంది. గుడి చూపించాం, మాల్ చూపించాం, ఫోర్ట్‌వర్త్ వీధిలో పొడుగు కొమ్ముల ఎద్దులు నడిచి వెళ్తుంటే అదీ చూపించాం. అన్నిటికీ ఒకటే మాట: "మంచిగున్నది బిడ్డా." పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు మీ ఇంట్లో ఉంటే ఆ మాటకి అసలు అర్థం మీకు తెలిసే ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు వాకింగ్‌కి వెళ్లిన మనిషి రెండు గంటలైనా రాలేదు. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్లాడు. కంగారుగా వెతుక్కుంటూ వెళ్తే, అపార్ట్‌మెంట్ల వెనక కుంట ఒడ్డున గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎవరో కుర్రాడు గాలం వేస్తుంటే చూస్తున్నాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "ఈ దేశంల గాలమేసుడు తప్పారా?"

తప్పు కాదు బాపూ, లైసెన్స్ కావాలి, అంతే. ఆ సాయంత్రమే అనుకున్నాం, వెళ్లేలోపు ఒకరోజు పెద్ద చెరువుకి తీసుకెళ్లాలని. నా ఆఫీసు, ఆన్‌కాల్ డ్యూటీ, పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఫంక్షన్ అన్నీ తీసేస్తే మిగిలింది మార్చి చివర్లో ఒక్క శనివారం. రెండో ఛాన్స్ లేదు. వెళ్లేది నేనెప్పుడూ చూడని చెరువు. పట్టాల్సింది బాపు ఎప్పుడూ చూడని చేప.

ఆ చేప పేరు క్రాపీ. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి నవ్వకండి, ఇక్కడివాళ్లు కూడా నవ్వుతారు. పక్కనుంచి చూస్తే చందువలా వెడల్పు, ఎదురుగా చూస్తే అట్టముక్క. ఒంటి మీద నల్ల చుక్కలుంటే బ్లాక్ క్రాపీ, నిలువు చారలుంటే వైట్ క్రాపీ. ముళ్లు తక్కువ, మాంసం తెల్లగా మెత్తగా ఉంటుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వసంతం వచ్చిందంటే జనం దీని కోసమే చెరువు బాట పడతారు. ఎందుకంటే ఏడాదిలో ఆ కొద్ది వారాలే అది ఒడ్డు దగ్గరికి వస్తుంది. పడవ లేనివాడికి కూడా దొరికే కాలం అది.

చెరువు పేరు లేక్ ఫోర్క్. డాలస్‌కి తూర్పున, మా ఇంటి నుంచి రెండు గంటల లోపే. సబీన్ నదిలో కలిసే ఒక వాగుకి ఆనకట్ట కట్టి 1980లో నింపడం మొదలుపెట్టారు. విస్తీర్ణం సుమారు 27 వేల ఎకరాలు. నీళ్లు నింపేటప్పుడు అడవిని చాలావరకు అలాగే వదిలేశారు. అందుకే ఇప్పటికీ నీళ్లలోంచి మొండి చెట్లు నిలబడి కనిపిస్తాయి.

నేను మన తరం మనిషిని కదా, మొదట చేసింది యూట్యూబ్ తెరవడం. రెండు రాత్రులు కూర్చుని వీడియోలు చూసి, మ్యాప్‌లో నలభై పిన్నులు పెట్టాను. బాపుకి చూపించాను. కళ్లజోడు పైకి జరుపుకుని, వేలితో మ్యాప్‌ని అటూ ఇటూ తోసి, "ఇన్నిట్ల యాడ కూసుంటమురా?" అన్నాడు. సరైన ప్రశ్నే. పైగా అప్పుడు గమనించాను, ఆ వీడియోల్లో సగం జనవరివి. జనవరిలో క్రాపీ ముప్పై, నలభై అడుగుల లోతులో, వంతెన స్తంభాల దగ్గర గుంపులుగా ఉంటుంది. అదే పిన్ను మీద మార్చి చివర్లో కూర్చుంటే రోజంతా నీళ్లు చూసుకోవచ్చు.

ఆ లోతు గురించి ఇక్కడ ఒక చిత్రమైన రూలుంది. టెక్సస్‌లో మామూలుగా 10 అంగుళాల కంటే చిన్న క్రాపీని ఉంచుకోకూడదు, నీళ్లలో వదిలేయాలి. కానీ లేక్ ఫోర్క్‌లో డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా రూలు తిరగబడుతుంది. ఎంత చిన్నదైనా సరే, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకుని తీరాలి. అంత లోతు నుంచి పైకి లాగితే చేప లోపలి గాలి తిత్తి ఉబ్బిపోతుంది. వదిలినా చాలావరకు బతకదు. బతకని చేపని వదిలిపెట్టి ఇంకోదాన్ని పట్టడం కంటే, పట్టినదాన్నే లెక్కలో వేసుకోమని అర్థం. రోజుకి మనిషికి 25. మేం వెళ్లేది మార్చి కాబట్టి మాకు 10 అంగుళాల రూలే. మీ చేతిలో ఫోన్ సుమారు ఆరంగుళాలు ఉంటుంది, దానికి ఇంకో నాలుగు కలిపి చూసుకోండి.

సరే, పిన్నులు పక్కన పెట్టాక బాపు ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తాయి? వాగులు ఎన్ని కలుస్తాయి? గాలి ఎటు కొడుతుంది? మునిగిన చెట్లు ఏ పక్కన ఎక్కువ? కరీంనగర్ దగ్గర మానేరులో, ఊరి చెరువులో చిన్నప్పట్నుంచి గాలం వేసిన మనిషి. ఊరి చెరువులో చేపలు మత్స్య సహకార సంఘానివి. గాలం వేసి వాళ్లకి దొరికిపోయి, చెప్పులు వదిలేసి పరుగెత్తిన కథలు కూడా ఉన్నాయి. అందుకే లైసెన్స్ అనగానే నేననుకున్నంత ఆశ్చర్యపోలేదు.

కానీ ఒక విషయంలో బాపు లెక్క ఇక్కడ పనిచేయలేదు. "వాన పడ్డదా?" అని రోజూ అడిగేవాడు. మనదగ్గర తొలకరి పడి చెరువులోకి కొత్త నీరు వస్తే బొచ్చె, రవ్వ ఆ నీటికి ఎదురెక్కుతాయి. గుడ్లు పెట్టడానికి వాటికి సిగ్నల్ వాన, వరద. మృగశిర కార్తె నాడు ఇంటింటా చేపల కూర ఉడకడం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. క్రాపీకి సిగ్నల్ వాన కాదు, వేడి. నీళ్లు 50 ఫారన్‌హీట్ దాటుతుంటే లోతుల్లోంచి కదిలి, వాగు పాత దారి పట్టుకుని మెల్లగా పాయల్లోకి వస్తుంది. 60 నుంచి 68 మధ్య, అంటే మన లెక్కలో 16 నుంచి 20 డిగ్రీలు, రెండు నుంచి ఆరడుగుల నీళ్లలో గుడ్లు పెడుతుంది. ముందు మగవి వస్తాయి, ఒళ్లు నల్లగా మారి ఉంటుంది, గూడు చేసి కాపలా కాస్తాయి. ఆడవి కాస్త లోతులో ఆగి చూస్తుంటాయి. అంటే చెరువు కొత్తదైనా ప్రశ్న ఒక్కటే: ఆ శనివారం నాటికి ఏ మూల నీళ్లు ముందు వేడెక్కుతాయి?

దీనికి జవాబు ఇంట్లో కూర్చుని సగం దొరుకుతుంది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు వారం వారం చెరువుల రిపోర్ట్ ఇస్తారు. నీటి వేడి, నీళ్లు తేటగా ఉన్నాయా మురికిగా ఉన్నాయా, ఏ చేప ఎంత లోతులో పడుతోంది అన్నీ ఉంటాయి. ఈ చెరువు నిండు మట్టం సముద్ర మట్టానికి 403 అడుగులు. అంతకంటే తగ్గిందంటే ఒడ్డు పొదలు బయటపడి, చేప వాటిని వదిలేసి బయటి చెట్ల దగ్గరికి జరిగినట్టు. శాటిలైట్ ఫొటోలో ఉత్తరం వైపు చిన్న పాయలు చూసుకున్నాం. ఎండ బాగా తగులుతుంది, చలిగాలికి ఉత్తరపు గట్టు అడ్డం ఉంటుంది, కాబట్టి అవే ముందు వేడెక్కుతాయి. నలభై పిన్నులు కాస్తా మూడయ్యాయి. ఒకటి పాయ లోపల, ఒకటి పాయ నోటి దగ్గర, ఒకటి ఇంకాస్త లోతులో. చేప ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట ఉండాలి. మొదటిచోట అరగంటలో బెండు కదలకపోతే రెండోచోటికి. ఇంతే ప్లాన్.

(2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ వచ్చాక పడవలున్నవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. చెట్టు కింద క్రాపీ నిలబడటం, ఎర వైపు తల తిప్పడం అన్నీ స్క్రీన్ మీద లైవ్‌లో కనిపిస్తాయి. పబ్‌జీ ఆడినట్టే. నాకు కుళ్లు అనుకోండి, అయినా బాపుని తీసుకెళ్లి స్క్రీన్ ముందు కూర్చోబెట్టాలని లేదు. టీవీ ముందు మూడు నెలలు కూర్చున్నాడు, చాలు.)

నాకు మొదట కయాక్ అద్దెకి తీసుకోవాలని ఉండింది. రీల్స్ ప్రభావం. మానుకున్నాం. తెలియని చెరువు, నీళ్లకి అడుగు కింద ఎక్కడ మొద్దు ఉందో తెలియదు, మార్చిలో దక్షిణపు గాలి మధ్యాహ్నానికి గట్టిగా లేస్తుంది. అన్నిటికంటే నీళ్ల చలి. పైన ఎండ కాసి టీషర్ట్‌లో తిరుగుతుంటాం, నీళ్లు మాత్రం పదిహేను డిగ్రీల దగ్గరుంటాయి. అందులో హఠాత్తుగా పడితే ఒళ్లు మన మాట వినదు. గుక్క తిప్పుకోలేక నోరు తెరుచుకుంటుంది, ఆ మొదటి నిమిషంలోనే నీళ్లు మింగేస్తాం. ఈత వచ్చినా సరే. అమెరికాలో చెరువుల్లో మునిగిపోయిన మన పిల్లల వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. ఆ వార్త కింద "ఈత వచ్చు కదా" అని కామెంట్ పెట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

అందుకని డబ్బులు కట్టి కూర్చునే డాకు ఉన్న మెరీనా ఒకటి చూసుకున్నాం. అయినా లైఫ్‌జాకెట్ కొన్నాను. బాపు దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. "మానేర్ల ఈతగొట్టినోణ్ణి, నాకెందుకురా ఇది?" ఇక్కడి చట్టం ప్రకారం చిన్న పడవలో వెళ్తుంటే పదమూడేళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలి, పెద్దవాళ్లకి పడవలో జాకెట్ ఉంటే చాలు. డాకు మీద అదీ అక్కర్లేదు. మా ఇంటి చట్టం వేరని చెప్పాను. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

లైసెన్స్ సంగతి చిన్నదే. పదిహేడేళ్లు దాటినవాళ్లందరికీ కావాలి. నాలాంటి రాష్ట్రవాసికి మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు. బాపులాంటి బయటివాళ్లకి ఒక్కరోజుది 16. ఫోన్లోనే కొనొచ్చు, కానీ రేట్లు, రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు ఆ శాఖ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఎర దగ్గర మళ్లీ గొడవ. బాపు గోధుమపిండి ముద్ద అంటాడు, లేదంటే వానపాము. పిండికి క్రాపీ రాదు, అది చిన్న చేపల్ని వేటాడే రకం. వానపాముకి దీనికంటే పక్కనుండే బ్లూగిల్లే ఎక్కువ పడుతుంది. చివరికి బతికున్న మిన్నోలకి ఒప్పుకున్నాడు. మిన్నోలంటే మన పరకల్లాంటివే, ఎరల షాపులో డజన్ల లెక్కన అమ్ముతారు. ఒక ముఖ్యమైన సంగతి, క్రాపీ కళ్లు పైకి చూస్తుంటాయి. ఎర దానికంటే కాస్త పైన ఉండాలి, కింద ఉంటే చూడనే చూడదు. ఇంకోటి, దాని మూతి కాగితంలా పల్చన. కొర్రమట్టని లాగినట్టు ఒక్క గుంజు గుంజితే మూతి చిరిగి చేప పోతుంది. బెండు మునగ్గానే మెల్లగా ఎత్తాలి. బాపు చేయి దీనికి అలవాటు పడుతుందో లేదో నాకైతే అనుమానమే.

మిన్నోకి పడేది క్రాపీ ఒక్కటే కాదు. 1992 జనవరిలో ఇదే చెరువులో బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన క్రాపీ కోసం మిన్నో వేసుకుని కూర్చుంటే 18.18 పౌండ్ల బాస్ పడింది. ఎనిమిది కిలోల పైనే. టెక్సస్ రికార్డ్ ఇప్పటికీ అదే. ఈ కథ చెప్పినప్పట్నుంచి బాపు కళ్లలో వెలుగు వేరేగా ఉంది. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే వదిలేయాలని కూడా చెప్పాను. అది వినపడనట్టే ఊరుకున్నాడు.

ఇంక భయం ఒక్కటే, చలిగాలి. మార్చిలో టెక్సస్‌లో నిన్న చెమటలు, ఇవాళ స్వెట్టర్. ఉత్తరం నుంచి చలిగాలి దిగితే, నిన్న ఒడ్డున ఉన్న చేప రాత్రికి రాత్రి వెనక్కి జరుగుతుంది. డేట్ మార్చే వీల్లేదు కాబట్టి చోటు మార్చాలి. అప్పుడు మొదటి పిన్ను వదిలేసి నేరుగా మూడోదానికి, పన్నెండు, పదిహేను అడుగుల లోతుకి. శుక్రవారం సాయంత్రం ఎరల షాపుకి ఫోన్ చేసి ఒక్క మాటే అడుగుతాను, "ఇవాళ ఎంత లోతులో పడ్డాయి?" ఎక్కడ పడ్డాయని అడిగితే చెప్పరు, లోతు అడిగితే చెబుతారట. ఉరుములుంటే మాత్రం వెళ్లం, అది ముందే ఒప్పందం.

నిన్న రాత్రి నీళ్ల కోసం లేస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. షాపులో కొన్న ఎర్రటి ప్లాస్టిక్ బెండ్లు బాపుకి నచ్చలేదు. ఊళ్లో అయితే జొన్నబెండు కట్టేవాడు, ఇక్కడ అదెక్కడ దొరుకుతుంది? పక్కింటివాళ్ల దగ్గర వైన్ సీసా బిరడా ఒకటి అడిగి తెచ్చుకున్నాడట, ఏ భాషలో అడిగాడో తెలియదు. కూరగాయల కత్తితో దాన్ని సన్నగా చెక్కి, దారం కట్టి, కింద గాలం వేలాడదీసి, గిన్నెలో నీళ్లు పోసి తేలుస్తున్నాడు. బిరడా కాస్త వంకరగా ఒరిగింది.

"ఇంకింత చెక్కాలె" అన్నాడు, నా వైపు చూడకుండానే.